రష్యన్ విశేషణం, ఇంగ్లీషు వంతెన

రష్యన్ సాహిత్యంలో అధికభాగం తెలుగువాళ్ళకు ఇంగ్లీషు మీదుగా వచ్చింది. ఇది కొత్త సంగతి కాదు. బెల్లంకొండ రామదాసు, రెంటాల గోపాలకృష్ణ కలిసి 'యుద్ధము–శాంతి'ని తెలుగు చేసినా, కొడవటిగంటి కుటుంబరావు గోగోల్ నవలను 'మృతజీవులు' పేరిట తెలుగు చేసినా, వారి ముందున్నది ఇంగ్లీషు ప్రతే. తరువాత ఉప్పల లక్ష్మణరావు వంటి వారు మాస్కోలోనే వుండి అనువాదాలు చేశారు. 1991తో ఆ ప్రచురణాలయాల వెలుగు ఆరిపోయింది. ఇప్పుడు కొత్తగా ఎవరైనా ఒక రష్యన్ కథను తెలుగు చెయ్యాలని కూర్చుంటే మళ్ళీ పాత దారే, మళ్ళీ ఇంగ్లీషు వంతెనే.

వంతెన వుండటం తప్పని నేననను. అది లేకపోతే మాకు, అంటే మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల్లో చదువుకున్న వాళ్ళకు, గోర్కీ లేడు, చెహోవ్ లేడు. విశాలాంధ్ర వారి పుస్తకాల వ్యాను వూళ్ళోకి వచ్చినప్పుడు టిఫిను డబ్బులు పెట్టి కొన్న పుస్తకాలతోనే నా తరం కళ్ళు తెరిచింది. కాని వంతెన మీద ఏవి పడిపోయాయో లెక్క చూడాలి గదా! నా లెక్కలో ముందుగా పడిపోయినవి విశేషణాలు. నామవాచకం ఎట్లాగో దాటుతుంది. క్రియ కాళ్ళీడ్చుకుంటూనైనా దాటుతుంది. బలమైన విశేషణం మాత్రం నడివంతెన మీద ప్రాణం వదులుతుంది.

ఈ ఆలోచనకు కారణం ఒక పిల్లవాడు. మార్కాపురంలో కొందరు విద్యార్థులం, ఉపాధ్యాయులం ఆదివారం సాయంత్రాలు కలిసి చదువుకుంటాం. (విద్యార్థులతో నన్ను నేను కలుపుకున్నందుకు క్షమించాలి, నా వయస్సు అరవై దాటింది.) ఒకనాడు 'మృతజీవులు' మొదలుపెట్టాం. పేరు వ్రాసి, అర్థం చెప్పమన్నాను. అర్ధవీడు వైపు నుంచి వచ్చిన కుర్రవాడొకడు, గొర్రెల మందలు కాచే ఇంటివాడు, లేచి అడిగాడు:

"సచ్చిన జీవాలను ఎవరు కొంటారు సార్?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా వైపు 'జీవాలు' అంటే గొర్రెలు, మేకలు. 'ఆయనకు నూరు జీవాలున్నాయి' అంటే నూరు తలలని లెక్క. నేను సర్దుకుని, 'కాదయ్యా, జీవులంటే ఇక్కడ ఆత్మలు, మనుషులు' అని ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చెప్పేసరికి నా నోరు ఆగిపోయింది. ఆ పిల్లవాడు చెప్పిందే గోగోల్ చెప్పింది!

రష్యాలో అర్ధబానిసల్ని 'దూష', అంటే ఆత్మ, అన్న మాటతోనే లెక్కపెట్టేవారు. భూస్వామికి ఎన్ని ఆత్మలుంటే అంత ఆస్తి, అంత పన్ను. ఒక జనాభా లెక్కకూ మరో లెక్కకూ మధ్య చచ్చిపోయినవాళ్ళు కాగితం మీద బతికే వుంటారు. వాళ్ళ మీద పన్ను కట్టాల్సిందే. చిచికోవ్ కొన్నది ఆ కాగితపు ప్రాణాలను. 1842లో పుస్తకం వెలువడే ముందు, ఆత్మ అమరమైనప్పుడు 'మృత' అన్న విశేషణం దాని ముందు ఎట్లా పెడతారని సెన్సారువారు అభ్యంతరం చెప్పారు. ఆ సెన్సారువారికి విశేషణం బలం తెలుసు. 'చచ్చిన' అన్న మాట మతాన్ని ఎత్తిపొడుస్తోందని వారికి తోచింది. నిజానికది ఎత్తిపొడిచింది ఆస్తి లెక్కను. ఇంగ్లీషులో 'డెడ్ సోల్స్' అన్నప్పుడు ఈనాటి పాఠకుడికి తట్టేది దయ్యాలూ, చర్చీ. తలల లెక్క తట్టదు. మనుషుల్ని 'సోల్స్' అని లెక్కపెట్టే వాడుక ఇంగ్లీషులోనూ లేకపోలేదు గాని, అది ఓడ మునిగినప్పుడు వినిపించే మాట, సంతలో వినిపించే మాట కాదు. కుటుంబరావు 'ఆత్మలు' అనకుండా 'జీవులు' అన్నారు. ఆ ఒక్క మాటతో, వంతెన మీద పడిపోయిన సగాన్ని తెలుగు ఒడ్డున తిరిగి పట్టుకున్నారు. మిగిలిన సగాన్ని మా గొర్రెల కాపరి ఇంటి కుర్రవాడు పట్టుకున్నాడు.

అప్పటినుంచి ఒక పాత రష్యన్–ఇంగ్లీషు నిఘంటువు ముందు వేసుకుని, అక్షరాలు కూడబలుక్కుంటూ, విశేషణాల వెంట పడ్డాను. నాకు రష్యన్ వచ్చునని చెప్పను. వేరు ఎక్కడుందో తవ్వి చూసుకోగలిగినంత మాత్రం వచ్చింది.

'గ్రోజ్నీ' అన్న మాట చూడండి. నాలుగవ ఇవాన్ రాజు బిరుదు అది. ఇంగ్లీషువారు 'టెరిబుల్' అన్నారు. పూర్వం ఆ మాటకు ఇంగ్లీషులో చూడగానే గుండె జల్లుమనిపించేవాడు అనే అర్థం వుండేది. ఈనాడు కాఫీ బాగా లేకపోయినా 'టెరిబుల్' అంటారు. మాట అరిగిపోయింది. రాజు మాత్రం ఆ అరిగిన మాట కిందనే మిగిలాడు. నేను ఒకప్పుడు తరగతిలో 'క్రూరుడైన ఇవాన్' అని బోర్డు మీద వ్రాశాను. అది శుద్ధ తప్పు. 'గ్రోజ్నీ'లో వేరు 'గ్రజా', అంటే ఉరుములూ పిడుగులతో వచ్చే గాలివాన. అలెగ్జాండర్ ఒస్త్రోవ్‌స్కీ 1859 నాటి నాటకానికి పేరు కూడా అదే. ఆ విశేషణంలో తిట్టు లేదు, భయభక్తులున్నాయి. దానికి మాట మన దగ్గర సిద్ధంగా వుంది. గిద్దలూరు నుంచి నల్లమల దాటితే ఆవలి పక్క అహోబిలం. అక్కడ కొండమీది నరసింహుణ్ణి ఎవరూ క్రూర నరసింహుడనరు, ఉగ్ర నరసింహుడంటారు. జనం వణుకుతారు, మొక్కుతారు కూడా. రాజరికం ప్రజల మనస్సులో ఎట్లా కూర్చుంటుందో ఆ ఒక్క విశేషణం చెబుతుంది. 'క్రూరుడు' అనగానే అది ఒక మనిషి గుణదోషాల పట్టికగా దిగజారిపోతుంది. కాని 'ఉగ్ర' మాటకూ ఈమధ్య 'టెరిబుల్' గతే పట్టింది. పత్రికలవారు దానికి 'వాదం' తగిలించిన తరువాత పిల్లలకు 'ఉగ్ర' అనగానే తుపాకి కనపడుతోంది. నరసింహుడు వెనక్కు పోయాడు. విశేషణాలు నాణేల వంటివి, ఎవరి చేతిలో ఎక్కువ తిరిగితే వారి వేలిముద్రే మిగులుతుంది.

'క్రాస్నీ' కథ దీనికి వ్యతిరేకం. ఈనాటి రష్యన్‌లో అది ఎరుపు. పూర్వం అందమైనది అని కూడా అర్థం. మాస్కోలోని ఎర్రమైదానానికి 17వ శతాబ్దంలో ఆ పేరు వచ్చింది అందాన్ని బట్టే, జెండాను బట్టి కాదు. ఇంగ్లీషు 'రెడ్'లో ఈ అందం లేదు, కనుక ఇంగ్లీషులో రెండు మాటలు పెట్టుకోవాలి, లేదా ఒకటి వదులుకోవాలి. తెలుగులో మాత్రం వుంది. 'పిల్లవాడు ఎర్రగా బుర్రగా వున్నాడు' అని మన అమ్మమ్మలు అనలేదా? అయితే ఇక్కడ సంతోషించి ఊరుకోవటానికి వీలులేదు. మన 'ఎర్రగా'లో అందం ఎక్కడినుంచి వచ్చింది? ఎండలో పనిచెయ్యని ఒంటి రంగు నుంచి వచ్చింది. పలకల గనుల్లో, మిరపచేలల్లో నల్లబడ్డ ఒంటిని ఆ మాట బయట నిలబెడుతుంది. రష్యన్ మాటకు దొరికిన సమానార్థకంలో మన కుల సమాజపు మసి అంటుకుని వుంది. దాన్ని వాడేవాడు తెలిసి వాడాలి.

ఇంగ్లీషు అనువాదకుల సంగతి కొంత చెప్పాలి. వాళ్ళందరినీ ఒక గాట కట్టటం న్యాయం కాదు. కాన్‌స్టాన్స్ గార్నెట్ (1861–1946) ఒక్కతే డెబ్బై సంపుటాల దాకా రష్యన్ సాహిత్యాన్ని ఇంగ్లీషు చేసింది. కళ్ళు దెబ్బతిన్నా పని మానలేదు. ఆమె లేకపోతే ఇంగ్లండులో దొస్తొయేవ్‌స్కీ లేడు, మనకూ లేడు. కాని ఆమె గరుకుగా వున్నదాన్నల్లా నున్నచేసిందని కర్నేయ్ చుకోవ్‌స్కీ విమర్శించాడు. టాల్‌స్టాయ్, దొస్తొయేవ్‌స్కీ ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడుతారని తరువాతివాళ్ళు ఎత్తిపొడిచారు. నా అనుమానం ఆ నున్నదనం చాలావరకు విశేషణాల దగ్గరే జరిగిందని. రష్యన్‌లో విశేషణానికి తోక వుంటుంది. 'జ్దరోవీ' అంటే ఆరోగ్యవంతుడు. దానికి తోక పొడిగించి 'జ్దరవ్యేన్నీ' అంటే దుక్కలాంటివాడు. మాట మారలేదు, ఒళ్ళు పెరిగింది. ఇంగ్లీషు విశేషణానికి ఆ తోక లేదు. పక్కన 'వెరీ' పెట్టాలి, 'హ్యూజ్' పెట్టాలి. అంటే బలం మాట లోపలినుంచి బయటికి వచ్చి, కొలతగా మారుతుంది.

దురదృష్టమేమంటే, మనం ఆ కొలతను తెచ్చుకుని 'అత్యంత', 'మహా', 'భీకరమైన' అని సంస్కృతంతో నింపాం. తెలుగుకు తోక లేదా? వుంది. చిన్నయసూరి 1858లోనే బాలవ్యాకరణంలో ఆమ్రేడిత సంధి కింద దాన్ని సూత్రీకరించాడు. కడ కట్టకడ అవుతుంది, నడుమ నట్టనడుమ అవుతుంది, మొదలు మొట్టమొదలవుతుంది. మాట తన కడుపులోనుంచే బలం పుట్టించుకునే పద్ధతి ఇది. బడిపిల్లవాడి నోట 'పే...ద్ద' అన్న దీర్ఘం కూడా ఈ జాతిదే, ఏ వ్యాకరణమూ దాన్ని ఎక్కించుకోకపోయినా.

ఇక జంట మాటలున్నాయి. ఇక్కడ నాకు గొప్ప ఆనందం కలిగింది, దాచుకోను. రష్యన్‌లో 'క్రొమేష్నీ' అన్న విశేషణం చీకటి పక్కన, నరకం పక్కన తప్ప దాదాపు కనపడదు. మన 'కటిక చీకటి' చూడండి! 'కటిక' కూడా చీకటి, దరిద్రం, నేల వంటి నాలుగైదు మాటలతోనే కాపరం చేస్తుంది. 'జక్ల్యాతీ' శత్రువంటే ఒట్టుపెట్టుకున్న శత్రువు. మనకు బద్ధశత్రువు. వాళ్ళది ప్రమాణం, మనది కట్టుబాటు. ఏ ఇంగ్లీషు మాటా ఎదురు రాకుండానే రెండు భాషలూ నేరుగా చేతులు కలిపిన చోట్లు ఇవి. కొన్నిచోట్ల ప్రకృతి అడ్డం వస్తుంది. అక్కడా దారి వుంది. రష్యన్లు తీవ్రమైన మంచును 'త్రెస్కూచీ' అంటారు, అంటే చిటపట పగిలేది. చలికి మానులూ దూలాలూ పగిలే చప్పుడు ఆ మాటలో వుంది. ఇంగ్లీషులో 'బిటర్' అంటే చప్పుడు పోయి చేదు మిగులుతుంది. మార్కాపురంలో మంచు ఎక్కడ? 'ఎముకలు కొరికే చలి' అనవచ్చు, బాగానే వుంటుంది. కాని పగలటం కావాలంటే మనకు చలిలో దొరకదు, ఎండలో దొరుకుతుంది. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండ! మంచుకు ఎండను బదులు పెట్టమని నేననను, కథ రష్యాలోనే జరగాలి. కాని ఆ చోట అనువాదకుడు 'తీవ్రమైన చలి' అని వ్రాసి తృప్తిపడకుండా, మానులు పగిలే చలి అని వ్రాయటానికి ధైర్యం ఈ రోళ్ళ దగ్గర తెచ్చుకోవాలి.

అట్లాంటి ధైర్యం చూపినవాళ్ళు లేకపోలేదు. నికొలాయ్ ఒస్త్రోవ్‌స్కీ నవల పేరు రష్యన్‌లో ఉక్కు ఎట్లా పదునెక్కిందో చెప్పే వాక్యం. ఇంగ్లీషులోనూ అంతే. తెలుగులో అది 'కాకలు తీరిన యోధుడు' అయింది. కొలిమిలో కాగిన ఇనుమూ, కష్టాల్లో కాగిన మనిషీ ఆ విశేషణంలో ఒకటయ్యారు. ఉక్కు మాయమయిందని పండితులు ఆక్షేపించవచ్చు. మాయమవలేదు, మనిషిలోకి పోయింది. కథా అదే గదా.

షొలొహోవ్ విషయంలో ఇంగ్లీషు చేసిన పని దీనికి భిన్నం. ఆయన పెట్టిన పేరు రెండే మాటలు: తీఖీ దోన్, నెమ్మది దోన్. కొసక్కు పాటల్లో ఆ నదికి తరతరాలుగా అంటుకుని వచ్చిన విశేషణమది. నదిని తండ్రీ అని పిలిచే జనం పెట్టుకున్నది. 1934లో స్టీఫెన్ గారీ దాన్ని ఒక వాక్యం చేసి, ప్రవహించటం అనే క్రియ చేర్చాడు. వినసొంపుగానే వుంది, ప్రపంచం అదే పేరు గుర్తుంచుకుంది. కాని దానితో 'నెమ్మది' నీటి లక్షణమయింది. అసలు పేరులో అది నీటి లక్షణం కాదు, జనం ప్రేమ. మా గుండ్లకమ్మ సంవత్సరంలో ఎక్కువ నెలలు ఇసుకే, వానాకాలంలో ఒక్కరాత్రిలో దారులు తెంపుతుంది. అయినా ఆమె 'అమ్మ'. ఆ 'అమ్మ'ను ఎవరైనా ప్రవాహం వేగం చూసి అనువదిస్తారా?

ఇంతవరకూ చెప్పింది భాషా వినోదమని కొందరు మిత్రులు అనవచ్చు. అసలు చిక్కు ఇప్పుడు వస్తుంది, అది మన శిబిరంలోనే వుంది.

దొస్తొయేవ్‌స్కీ 1861లో, అంటే రష్యాలో అర్ధబానిసత్వం రద్దయిన సంవత్సరంలోనే, ఒక నవల ప్రకటించాడు. దాని పేరు రెండు విశేషణాలు, మధ్య ఒక 'మరియు'. గార్నెట్ దాన్ని అవమానం పొందినవారు, గాయపడినవారు అన్న అర్థంలో ఇంగ్లీషు చేసింది. మాస్కోవారి ఇంగ్లీషు ప్రతి గాయాన్ని తీసివేసి దైన్యాన్ని పెట్టింది. 21వ శతాబ్దంలో వచ్చిన మరో అనువాదం ఆ రెండింటినీ తారుమారు చేసింది. నూరేళ్ళు మూడు జతలు మార్చినా ఇంగ్లీషు కుదురుకోలేదు. ఎందుకని? మొదటి మాట 'ఉనీజెన్నియె'లో వేరు 'నీజ్', అంటే కింద. కిందికి దించబడ్డవాళ్ళని అర్థం. రెండో దానిలో దుఃఖం అనే వేరుంది. రెండూ క్రియ నుంచి పుట్టిన విశేషణాలు, రెండింటిలోనూ చేసినవాడు ఒకడున్నాడు. వాడు కనపడడు గాని, వాడి చెయ్యి మాటలో వుంది. బీదవాడు అన్న మాటలో ఆ చెయ్యి లేదు. మనిషి బీదవాడుగా పుట్టవచ్చు, ఎవరూ కిందికి దించబడి పుట్టడు.

మరి మనం యాభై అరవై ఏళ్ళుగా ఉపన్యాసాల్లో, తీర్మానాల్లో, కరపత్రాల్లో ఏ మాట వాడుతున్నాం? 'అణగారిన వర్గాలు'. నేనూ వాడాను, వందసార్లు. 'అణగారు' అకర్మక క్రియ. మంట అణగారుతుంది, పొంగు అణగారుతుంది. దానంతట అదే. దాన్ని అణచినవాడు ఆ మాటలో లేడు. వర్గపోరాటం గురించి మాట్లాడేవాళ్ళం, పోరాటంలో రెండో పక్షాన్ని మన విశేషణంలోనుంచే తుడిచేశాం! దీని లోటు తీర్చటానికి ముందు వెనుకలు 'మహోజ్వల', 'వీరోచిత', 'అచంచల' అని పేర్చాం. సోవియట్ పత్రికల అనువాదాల నుంచి అబ్బిన అలవాటది. వాటి చప్పుడు పెద్దది, బలం చిన్నది. మాటలో చేసినవాడి చెయ్యి లేనప్పుడు ఎన్ని 'మహా'లు పెట్టినా బలం రాదు.

కిందటి నెల సమావేశంలో ఈ నవల పేరునే విద్యార్థులకు పని ఇచ్చాను. ఇంగ్లీషు మాటలు చెప్పకుండా, వేర్లు మాత్రం చెప్పి, తెలుగు పేరు పెట్టమన్నాను. అవమానితులు అన్నారు, పతితులు అన్నారు, తిరస్కృతులు అన్నారు. మా గొర్రెల కాపరి ఇంటి కుర్రవాడు 'తొక్కిన మనుషులు' అన్నాడు. దానిమీద పెద్ద గొడవ. తొక్కిన మనుషులంటే తొక్కినవాళ్ళా, తొక్కించుకున్నవాళ్ళా? తెలుగులో క్రియాజన్య విశేషణానికి ఈ చిక్కు వుంది. 'కొట్టిన మనిషి' అంటే కొట్టినవాడు. ముందు 'నేను' పెట్టి 'నేను కొట్టిన మనిషి' అంటే దెబ్బ తిన్నవాడు. చేసినవాడి పేరు ముందు పెడితేగాని, పడినవాడెవరో తేలదు. 'బడు' తగిలించి 'తొక్కబడిన' అంటే తేలుతుంది గాని, అది కచేరీ కాగితంలాగా వుంటుంది, ఎవరూ అట్లా మాట్లాడరు.

చివరి వరుసలో ఒక అమ్మాయి, తండ్రి పలకల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, 'చిన్నబుచ్చిన' అన్నది. నేను ఉలిక్కిపడ్డాను. చిన్నబుచ్చటం, అంటే చిన్న చెయ్యటం. 'కిందికి దించటం' అన్న రష్యన్ వేరుకు ఇంతకన్నా దగ్గర మాట నాకు నిఘంటువుల్లో దొరకలేదు. ఇంట్లో రోజూ అనుకునే మాట. దానిలో దుఃఖం కూడా వుంది, ముఖం చిన్నబుచ్చుకోవటం మనకు తెలిసిందే. రెండు రష్యన్ విశేషణాల పనీ అది ఒక్కటే చేస్తోంది.

"బాగుందమ్మా, కాని మళ్ళీ అదే చిక్కు. చిన్నబుచ్చినవాళ్ళంటే ఎవరు? చేసినవాళ్ళా, పడినవాళ్ళా?" అన్నాను.

"ఎవరు చిన్నబుచ్చారో ముందు పేరు పెట్టండి సార్. అప్పుడు తెలుస్తుంది."

నవలలో ఆ పని చేసినవాడు ప్రిన్స్ వాల్కోవ్‌స్కీ. ఆ పేరు పెడితే అట్టమీద పట్టదనీ, రచయిత పెట్టని పేరు మనం పెట్టరాదనీ చెప్పాను. అనువాదకుడి ధర్మాన్ని గురించి ఇంకా ఏదో చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోనవసరం లేదని నాకూ లోపల అనిపిస్తూనే వుంది. తలుపులు వేసే వేళయింది. బోర్డు మీద 'చిన్నబుచ్చిన' అన్న మాట, దాని ముందు నేను ఖాళీగా వదిలిన గీత అట్లాగే వున్నాయి. వచ్చే ఆదివారం అక్కడినుంచే మొదలుపెట్టాలి.